హిందీ మాట్లాడిన దెయ్యం

అక్క పురిటికని నన్ను విజయనగరంలో రైలెక్కించారు. అక్కని మంచం దిగొద్దనీ, ప్రయాణం మాటే ఎత్తొద్దనీ డాక్టరమ్మ చెప్పిందట. అయితే పని పురుడొక్కటే కాదని నాకు ముందే తెలుసు. అమ్మ నా పెట్టెలోంచి పరికిణీలు తీసేసి చీరలు పెట్టింది. బావ తమ్ముడు భీమారావు రాయపూర్ పక్క ఉర్లాలో ఇనుప కడ్డీలు తీసే ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. ఉద్యోగం వచ్చి చాలా కాలమైనా పెళ్ళికి ఒప్పుకోవడం లేదు. అక్కచెల్లెళ్ళు ఒకే ఇంటి కోడళ్ళైతే పొయ్యి ఒకటిగా ఉంటుందని మా వైపు పెద్దవాళ్ళంటారు.

రాయపూర్‌లో వాళ్ళది రైల్వే క్వార్టరు. సూర్యారావు బావ వ్యాగన్ల షెడ్డులో ఫిట్టరు. అక్క సుభద్ర లోపలి గదిలో పడుకునే ఉండేది. ఇల్లంతా బావ తల్లి వరహాలమ్మ అత్త చేతిలో ఉండేది. ఆవిడ పెళ్ళై ఆ ఊరొచ్చిన నాటికి బొగ్గు ఇంజన్లట. ఇన్నేళ్ళయినా హిందీ మాత్రం కూరల బజారు వరకే వచ్చు. కిత్నా, కమ్ కరో, సడా హువా. ఎంత, తగ్గించు, కుళ్ళింది. అంతకు మించి ఎవరైనా మాట్లాడితే తల ఊపి నవ్వేసేది.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం అత్త చిన్నకొడుకుని పిలిచింది.

“ఒరే భీమా, ఈ గుంటని అలా సినిమాకి తీసుకెల్లరా. వచ్చిన కాడ్నించి గిన్నెలు తోముతానే ఉన్నాది.”

“నాకు పనుందమ్మా.”

“ఏటిరా నీ పని? సెలవొస్తే పరదేశిగాడి కొట్లో కూకోడమే కదా! అక్కడికే తీసుకెల్లు. పెద్ద తెర మీద సూసినా, డబ్బాలో సూసినా సినిమా సినిమాయే.”

చిన్నబావ నావైపు చూశాడు. తప్పించుకునే దారి నా ముఖంలో ఉందేమోనని వెతికినట్టు చూశాడు. నేను చేతులు తుడుచుకుని చెప్పులేసుకున్నాను.

పరదేశిది గుఢియారీ బజార్లో వీడియో కొట్టు. క్యాసెట్లూ వీసీఆర్‌లూ అద్దెకిస్తాడు. అతనూ రైల్వే కాలనీలో పుట్టిన తెలుగువాడే, చిన్నబావా అతనూ ఒకటో క్లాసు నుంచీ ఒకే బెంచీ. కొట్టు వెనక చిన్న గది. కిటికీకి రగ్గు కట్టి పట్టపగలు చీకటి చేశారు. అప్పటికే ఇద్దరు మగవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. ఒకాయన సాహు, దర్జీ. ఇంకొకాయన ఏదో స్కూల్లో మాస్టారు, ఆయన పేరు ఎవరూ చెప్పలేదు. నన్ను చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు.

“మా వదిన చెల్లెలు. పర్వాలేదు, ఏమీ మాట్లాడదు,” అన్నాడు చిన్నబావ.

నాకు గుమ్మం పక్కన పీట వేశారు. పరదేశి క్యాసెట్టు పెట్టాడు. దెయ్యం సినిమా. ఆ గదిలో సెలవుల్లో దెయ్యం సినిమాలు తప్ప ఇంకేవీ వేయరని తర్వాత తెలిసింది. ఏదో హవేలీలో కొత్త పెళ్ళికూతుర్ని అత్తింటివాళ్ళు గోడలో పెట్టి కట్టేస్తారు. ఆవిడ ఎర్రచీరతోనే తిరిగొస్తుంది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. వాళ్ళు మాత్రం ఈలలు వేశారు.

“ఆ గయీ! మేరీ రానీ ఆ గయీ!” అని, తన రాణే వచ్చేసినట్టు, సాహు చప్పట్లు కొట్టాడు.

“చీర కట్టు చూడరా. చచ్చి ఇరవై ఏళ్ళైనా కుచ్చిళ్ళు చెదర్లేదు,” అన్నాడు పరదేశి.

తెర మీద దెయ్యం ముసుగు తీసి, ఇంటిల్లిపాదినీ చూస్తూ, “ఇస్ ఘర్ కీ బహూ మైఁ హూఁ,” అంది. ఈ ఇంటి కోడల్ని నేనే అని. ఆ మాట నలుగురూ దానితో కలిసి అన్నారు. మాస్టారు కూడా. మా చిన్నబావ గొంతు అందరికన్నా బాగుంది. అచ్చం ఆవిడలాగే, చివర్న కొంచెం వణికించి అన్నాడు. ఇంట్లో అన్నం కావాలంటే కంచం ముందుకు జరిపే మనిషి, ఇంత గొంతు ఎక్కడ దాచాడో అనుకున్నాను.

హీరో విభూతి పట్టుకుని వచ్చాడు. నలుగురూ అతన్ని తిట్టారు. దెయ్యం సినిమా భయపడ్డానికి చూస్తారని నేననుకున్నాను. వీళ్ళు దెయ్యం గెలవాలని చూస్తున్నారు. నాకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. ఆ చీకట్లో చిన్నబావ చెయ్యి పరదేశి మోకాలి మీద ఉంది. సినిమా అంతసేపూ అక్కడే ఉంది. మా ఊళ్ళో మగపిల్లలు చేతులు పట్టుకుని తిరుగుతారు, అది కాదు ఇది. నేను తెర వైపు తిరిగాను.

తోవలో చిన్నబావ అడిగాడు. “భయమేసిందా?”

“మొదట్లో.”

“తర్వాత?”

“తర్వాత పాపమనిపించింది.”

అతను నడుస్తూ నవ్వాడు. నాకు అతనంటే ఇష్టం కలిగింది ఆ రోజే. చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఆ తర్వాత అత్త మమ్మల్ని మళ్ళీ మళ్ళీ పంపింది. పిల్లా పిల్లాడూ కలుస్తున్నారని ఆవిడ సంబరం. అక్క మంచం మీంచే నన్ను ఆటపట్టించేది, “ఏమే, ఏ సినిమా? ప్రేమా, పోరాటమా?” అని. దెయ్యం సినిమా అని చెప్తే, “కడుపుతో ఉన్నదాని ముందు ఆ మాటనకు,” అని పొట్ట మీద చెయ్యేసుకునేది.

దీపావళికి ముందు ఆదివారం తెలీబంధా చెరువు గట్టున ముగ్గురం కూర్చున్నాం. పరదేశి వేరుశనక్కాయలు కొనడానికి వెళ్ళాడు. చిన్నబావ నీళ్ళవైపు చూస్తూ అన్నాడు.

“గంగా, నన్ను వద్దని చెప్పెయ్యి.”

“ఏమని చెప్పను?”

“నల్లగా ఉన్నానని చెప్పు.”

“నీకంటే నేనే నలుపు.”

“మరైతే కోపిష్ఠివాణ్ణని చెప్పు.”

“ఎవరైనా నమ్ముతారా? నువ్వే వద్దని చెప్పొచ్చు కదా చిన్నబావా.”

“నేను చెప్తే ఎందుకంటారు. ఇన్నేళ్ళుగా అంటూనే ఉన్నారు. అన్నయ్యకి ఈమధ్య అనుమానం పట్టుకుంది. నేను వచ్చేసరికి పరదేశి గురించి ఏదో అంటున్నవాడు ఆపేస్తాడు. ఈసారి వద్దంటే ఆగడు.” చిన్న రాయి నీళ్ళలోకి విసిరి, “అన్నయ్య షెడ్డులో ఒకణ్ణి ఇలాంటి అనుమానంతోనే అందరూ కలిసి కొట్టారు. మా అన్నయ్యా ఉన్నాడు అందులో. ఇంటికొచ్చి చెప్పుకున్నాడు, అన్నం తింటూ,” అన్నాడు.

నేను గడ్డి పరకలు పీకుతూ కూర్చున్నాను. నేను వద్దంటే నన్ను కొడతారు, పెళ్ళి ఆగదు. అతను వద్దంటే పెళ్ళి ఆగుతుందేమో, అతనేమవుతాడో తెలియదు. పరదేశి వచ్చి పొట్లం మా మధ్యలో పెట్టాడు. గింజలు ఒలిచి పై పొట్టు కూడా ఊది, చిన్నబావకి ఇస్తున్నాడు. మా అమ్మ మా నాన్నకి కూడా అంత ఓపిగ్గా ఒలవలేదు.

దీపావళి వెళ్ళాక మంచిరోజు చూసి మాకు నిశ్చయం చేద్దామనుకున్నారు. అత్త ఎర్రచీర కొని బీరువాలో పెట్టింది.

పండగ మర్నాడు కొట్లన్నీ మూసేశారు. పరదేశి టీవీ, వీసీఆర్ రెండూ మా ఇంటికే తెచ్చాడు. బజార్లో గొల్లలు కర్రలు పట్టుకుని చేసే నాట్యం చూద్దామని బావ అత్తని తీసుకుని వెళ్ళాడు. అక్క లోపల నిద్రపోతోంది. ముందుగదిలో మేం ముగ్గురమే. మొదటి రోజు చూసిన హవేలీ సినిమానే పెట్టారు. నేను కిటికీ దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను.

సినిమా అయ్యాక పరదేశి, “ఏదీ, మన రాణిగారు ఒకసారి,” అన్నాడు. చిన్నబావ నవ్వుతూ బీరువా తీసి ఎర్రచీర ముసుగు వేసుకున్నాడు. “గంగా, నీ చీరే, ఏమనుకోకు,” అన్నాడు. ఏమీ అనుకోలేదు. మెల్లగా తిరిగి, ముసుగెత్తి, ఆ గొంతుతో అన్నాడు. “ఇస్ ఘర్ కీ బహూ మైఁ హూఁ.”

పరదేశి నవ్వలేదు. నేను నవ్వబోయి ఆగాను. చిన్నబావ ఆ మాట మళ్ళీ అన్నాడు, ఈసారి వణికించలేదు. మూడోసారి అనబోయి కింద కూర్చుండిపోయాడు. ముసుగులోనే ఏడుస్తున్నాడు. పరదేశి అతని తల తన భుజానికి ఆనించుకుని, “ఊరుకో రాజా, ఊరుకో,” అంటున్నాడు. అతను ఏడుస్తూనే హిందీలో ఏదేదో అంటున్నాడు. నన్ను గోడలో పెట్టి కట్టేస్తారు, ఇంకెప్పుడూ బయటికి రానివ్వరు, అని. సగం సినిమా మాటలు. మిగతా సగం ఏ సినిమాలోవీ కావు.

కాళ్ళు లాగుతున్నాయని అత్త సగంలోనే తిరిగొచ్చింది. వెనకే బావ.

అత్త గుమ్మంలో నిలబడిపోయింది. ముసుగులో కొడుకు, ఆడగొంతు, హిందీ. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. “ఎవులే నువ్వు?” అంది. తన కొడుకునే. “నా బిడ్డ మీద ఎందుకెక్కినావు? ఎవులే?”

బావ అత్తని పక్కకి జరిపి లోపలికొచ్చాడు. అతను తమ్ముడి ముసుగుని చూడలేదు, పరదేశి చెయ్యి ఎక్కడుందో చూశాడు. తలుపు వేసి గడియ పెట్టాడు. మూల నిలబెట్టిన ఇనుప గడ్డపార మీద అతని చెయ్యి పడింది.

“యే క్యా హో రహా హై రే?” అన్నాడు తమ్ముడితో, ఏం జరుగుతోందిక్కడని. నావైపు తిరిగాడు. “గంగా. నువ్వు మొదట్నుంచీ ఇక్కడే ఉన్నావు. నువ్వు చెప్పు.”

చిక్కుడుకాయ నా చేతిలోనే ఉంది.

“దెయ్యం బావా,” అన్నాను. “సినిమాలోది. చూస్తూ చూస్తూ ఉండగానే పట్టింది. పడిపోతుంటే పరదేశి పట్టుకున్నాడు.”

అత్త గుండెలు బాదుకుంది. “నాను సెప్పలేదేటి! ఇంట్లో సూలాలుందిరా సూరీడూ! ముందు ఆ డబ్బా బయట పడెయ్!”

బావ గడ్డపార మీంచి చెయ్యి తియ్యడానికి చాలాసేపు పట్టింది. తీశాడు.

ఆ సాయంత్రమంతా దెయ్యం ఎక్కడిదన్న చర్చే. పక్క క్వార్టరు తాయారమ్మగారు మన ఊరి గురువుని రప్పిద్దామంది. అత్త ఒప్పుకోలేదు.

“మన గాలైతే తెలుగులో మాటాడదేటి తాయారూ? ఇది హిందీలో మాటాడినాది. గడగడ మాటాడినాది. ఇది ఈ దేశపు గాలే. దీనికి ఈల్ల బైగానే కావాల. మన గురువు సెప్పిన మంత్రం దానికేటి అర్థమౌతాది?”

తాయారమ్మగారు ఆలోచించి, నిజమేనంది.

చిన్నబావ గోడకానుకుని వింటున్నాడు. నేను మంచినీళ్ళిచ్చినప్పుడు గ్లాసు అందుకుంటూ, “మంచి మాట దొరికింది నీకు,” అన్నాడు మెల్లగా. నవ్వాడు కూడా. ఒక నిమ్మకాయ, నాలుగు వేపరెమ్మలు, అంతటితో పోతుందని ఇద్దరం అనుకున్నాం.

రెండు రోజులకి బైగా ఉర్లా అవతలి పల్లె నుంచి సైకిలు మీద వచ్చాడు. టెర్లిన్ చొక్కా, చేతికి గడియారం. ఆ ప్రాంతపు భూతవైద్యుడంటే జడలుంటాయనుకున్నాను. అక్కని తాయారమ్మగారింటికి పంపేశారు. పెరట్లో చిన్నబావని కూర్చోబెట్టారు. కుంపటి రాజెయ్యమని నాకు చెప్పారు.

నిప్పుల్లో ఎండుమిరపకాయలు వేసి చిన్నబావ తల మీదుగా దుప్పటి కప్పారు. దగ్గి దగ్గి అతని మెడ నరాలు ఉబ్బాయి. “తైఁ కోన్ హస్?” అని బైగా అడిగాడు. ఎవరు నువ్వు అని. చిన్నబావ ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. మళ్ళీ పొగ పెట్టారు. అప్పుడు దుప్పటిలోంచి ఆ గొంతు వచ్చింది. సినిమాలో ఆవిడ గొంతు.

“ఈ ఇంట్లో పెళ్ళి కానివ్వను,” అంది హిందీలో.

బావ తెలుగులో చెప్పాడు తల్లికి.

“ఎవుల పెళ్ళి తల్లీ?” అంది అత్త.

“వీడిది. ఆ పిల్లతో కాదు, ఏ పిల్లతోనూ కాదు. చేస్తే మళ్ళీ వస్తాను.”

అత్త నేల మీద మోకరిల్లింది. “సెయ్యను తల్లీ, సెయ్యను. ఈ గుంటని రేపే ఊరికి పంపేస్తాను. నా బిడ్డని వదిలెయ్యి.”

నా ఒళ్ళంతా తేలికైంది. విసనకర్ర పట్టుకుని కుంపటి పక్కన కూర్చుని, అతను మిరప పొగలో ఉండగా, నాకు తేలిక అనిపించింది. బయటపడ్డామనుకున్నాను. ముందు బయటపడ్డానని అనుకుని, తర్వాత బయటపడ్డామని మార్చుకున్నానేమో కూడా.

బైగా తల అడ్డంగా ఊపాడు. బేరమాడే దెయ్యం పోదన్నాడు. బేరం ఒప్పుకున్నాక మళ్ళీ రాకుండా దారి మూసెయ్యాలన్నాడు. సంచిలోంచి కొడవలి తీసి కుంపట్లో పెట్టాడు.

“విసురమ్మా,” అన్నాడు బావ నాతో.

చెప్పెయ్యొచ్చు అప్పుడు. దెయ్యం లేదు బావా, నేనే అన్నానని చెప్పొచ్చు. అంటే తర్వాత ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. గడ్డపార ఇంకా ఆ మూలనే ఉంది. చిన్నబావ దుప్పటి అంచు పైకెత్తి నన్ను చూశాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల కొంచెం, చాలా కొంచెం, అడ్డంగా తిప్పాడు. చెప్పొద్దనా, విసరొద్దనా నాకు తెలియలేదు. నేను విసిరాను. కొడవలి కొన ఎర్రబడింది.

బావా, కాలనీలోంచి అతను పిలుచుకొచ్చిన ఒకాయనా భుజాలు పట్టుకున్నారు. కుడి ముంజేతి మీద రెండు వాతలు పెట్టారు. మొదటిదానికి చిన్నబావ పళ్ళు బిగించాడు. రెండోదానికి, “అమ్మా! అమ్మా, వద్దమ్మా, నేనేనమ్మా!” అని అరిచాడు.

అత్త చేతులు రెండూ ఎత్తి దండం పెట్టింది. “తెలుగు మాటాడినాడు! నా బిడ్డ తెలుగు మాటాడినాడు! దిగిపోనాదిరా సూరీడూ, గాలి దిగిపోనాది!”

ఏడుస్తూ కొడుకుని ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత లేచి వచ్చి నా చేతులు పట్టుకుంది. “నువ్వు సరైన ఏలకి సెప్పబట్టి నా బిడ్డ దక్కినాడు గంగా,” అంది. నా చేతులకి ఇంకా కుంపటి వేడి ఉంది.

నన్ను మర్నాడే పంపలేదు. అక్కకి ఆ వారంలోనే నొప్పులొచ్చాయి. కొడుకు పుట్టాడు. పురిటి పనులు నేనే చేశాను. చిన్నబావ ముందుగదిలో పడుకుని చేతికి కొబ్బరినూనె రాసుకునేవాడు. పసివాడు ఏడిస్తే లేచి వచ్చి గుమ్మం బయటే నిలబడేవాడు. దెయ్యం పట్టిన మనిషి నీడ పడకూడదని అత్త అతన్ని లోపలికి రానిచ్చేది కాదు. పెళ్ళి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

దెయ్యం ఆ డబ్బాలోంచే వచ్చిందని తేలింది కాబట్టి వీడియో ఇక గుమ్మం తొక్కకూడదు. డబ్బా తెచ్చినవాడూ తొక్కకూడదు. చిన్నబావ ఫ్యాక్టరీకి వెళ్ళేటప్పుడు బస్సెక్కేదాకా బావ తోడెళ్ళేవాడు. సాయంత్రం ఎదురెళ్ళి తీసుకొచ్చేవాడు. గుఢియారీ వైపు నుంచి కాకుండా చుట్టూ తిప్పి తెచ్చేవాడు. తమ్ముణ్ణి కాపాడుకుంటున్నానని మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆదివారం కూడా ఒంటరిగా వదల్లేదు. ఇదంతా నేనన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది.

ఊరికి బయలుదేరే ముందు పసివాడికి గుడ్డలు కొనడానికి గుఢియారీ బజారుకి వెళ్ళాను. పరదేశి కొట్టు తెరిచే ఉంది. నన్ను చూసి బయటికొచ్చాడు. గడ్డం పెరిగింది.

“వాడి చెయ్యి ఎలా ఉంది?”

“మానుతోంది. పైన కొత్త చర్మం వస్తోంది.”

“ఎన్ని పెట్టారు?”

చెప్పాను. అతను కొట్టు గుమ్మం పట్టుకుని కొంచెంసేపు రోడ్డుమీద రిక్షాలని చూశాడు.

“నువ్వు మంచి పని చేశావు గంగా. నువ్వు ఆ మాట అనకపోతే ఆ రోజు ఇద్దరం బయటికొచ్చేవాళ్ళం కాదు. నాకు తెలుసది.”

నేను తల దించుకున్నాను.

“కానీ ఇంకో మాట ఏదీ దొరకలేదా నీకు?” అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే అడిగాడు, నేను చెప్తానేమోనని నా ముఖంలోకి చూస్తూ. “కడుపునొప్పి వచ్చి ఏడుస్తున్నాడనో, ఎవరో చచ్చిపోయారని కబురొచ్చిందనో?”

కడుపునొప్పి. నిజమే. అప్పుడు తోచలేదు. లేక పెళ్ళి కూడా ఆగిపోయే మాట కోసం వెతికానా? కిటికీ దగ్గర కూర్చుని వాళ్ళని చూస్తున్నంతసేపూ ఆ మాట లోపల సిద్ధమవుతూనే ఉందా? పరదేశి ఎదురుచూశాడు. లోపల ఎవరో క్యాసెట్టు కోసం పిలిస్తే వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి అత్త పసివాడికి స్నానం చేయిస్తోంది. చిన్నబావ ముందుగదిలో కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. ఎడంచేత్తో కుదరక సూది జారిపోతోంది. నేను తీసుకుని కుట్టడం మొదలుపెట్టాను.

“గుఢియారీ వెళ్ళావా?” అన్నాడు, వంటింటి వైపు ఒక కన్నేసి.

“వెళ్ళాను.”

“కనిపించాడా?”

“కనిపించాడు.”

“ఏమన్నాడు?”

దారం ముడి వేసి పళ్ళతో కొరికాను.

“నేను మంచి పని చేశానన్నాడు.”

చిన్నబావ తల ఊపాడు. వాతలు పెట్టాక అతను నవ్వడం నేను చూడలేదు. ఇప్పుడు నవ్వాడు. “చూశావా, వాడికీ తెలుసు,” అన్నాడు. “ఇంకేమన్నాడు?”

“ఇంకేమీ అనలేదు,” అని చొక్కా మడతపెట్టి అతని ఒళ్ళో పెట్టాను.